ఆరో నమూనా

శాఖా గ్రంథాలయం, రిజిస్టర్ల గది
జనవరి 12

పిన్నికి,

ఫోనులో నువ్వు పది మాటలంటే నేను రెండు ఊఁలు కొడతాను. నీ పక్కన మిషను మోగుతుంటుంది, నా పక్కన "నిశ్శబ్దం" అన్న బోర్డు ఉంటుంది. అందుకే ఉత్తరం.

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ప్రతి శాఖా మార్చిలోగా చుట్టుపక్కలవాళ్ళ కోసం ఒక కార్యక్రమం పెట్టాలట. మిగతా శాఖలన్నీ చేతిరాత పోటీ అని రాసి పంపేశాయి. మా పెద్దాయన కూడా అదే రాయమన్నారు. ఇక్కడ లైబ్రేరియన్ ఆయన, తక్కినదంతా నేను. రాయలేదు.

వైద్యం బీరువాలో ఒక పుస్తకం ఉంది. నేను చేరిన ఈ రెండేళ్ళలో దాన్ని ఒక్కరూ ఇంటికి తీసుకెళ్ళలేదు. వెనక అంటించిన తేదీల చీటీ తెల్లగా ఉంది. కానీ బల్ల మీద పెడితే అది తనంతట తానే ఒక చోట తెరుచుకుంటుంది. ఆ నాలుగు పేజీల అంచులూ వేళ్ళ మరకలతో మాసిపోయాయి. అంటే చాలామంది బీరువాల మధ్య నిలబడి చదివి, మళ్ళీ పెట్టేసి పోతున్నారు. ఇంటికి తీసుకెళ్ళాలంటే నా బల్ల దగ్గరికి వచ్చి, నాకు చూపించాలి కదా.

ఆ పేజీలు రొమ్ములో వచ్చే గడ్డల గురించి. ఈ మాట రాయడానికి కలం రెండుసార్లు ఆగింది. కాన్వెంటు బళ్ళో ఆ పాఠం వచ్చిన రోజు సిస్టరు పుస్తకాలు మూయించి ప్రార్థన చేయించింది. నేనింకా ఆ బెంచీ మీదే ఉన్నట్టున్నాను.

రోజూ పేపరు చదవడానికి ఒకావిడ వస్తుంది. ముప్ఫై ఏళ్ళు వార్డు నర్సుగా చేసి రిటైరైంది. వచ్చి మాట్లాడతారా అని అడిగాను. చీటీ మీద రాసి అడిగాను, నవ్వకు. ఆవిడ గట్టిగా చదివేసింది. పెద్దాయన దగ్గు మొదలుపెట్టారు.

"వస్తాలే అమ్మాయ్. కానీ బొమ్మలు చూపిస్తే లాభం లేదు, చేతికి తెలియాలి," అంది. ఆవిడకి నమూనాలు కావాలి. పైన మెత్తగా సాగే బట్ట, లోపల దూది, అరచేతిలో పట్టేంత. మొత్తం ఆరు. మూడింటిలో వేలికి కదిలే గింజలు, రెండింటిలో కదలనివి. ఆరోదానిలో ఏమీ ఉండకూడదు. ఏమీ లేనిది ఎలా ఉంటుందో తెలియకపోతే ఉన్నది ఎలా తెలుస్తుంది అంటుంది.

నువ్వు కుడతావా?

పిచ్చుక

*

కుట్టు షాపు
జనవరి 21

పిచ్చుకా,

ముప్ఫై ఏళ్ళుగా వాటికి గుడ్డ కప్పుతున్నాను. ఇప్పుడు వాటినే కుట్టమంటున్నావు. బాగుందే నీ ఉద్యోగం!

కుడతాను. పాత బనీను గుడ్డ రెండుసార్లు ఉతికి పెట్టాను. గింజల కోసం వంటింట్లో డబ్బాలన్నీ తీశాను. కదిలేవాటికి బఠాణీలు. కదలనివాటికి గోలీలు, వాటిని లోపల అడుగుగుడ్డకి వేసి కుట్టేశాను. మీ నర్సమ్మకి పనివాడితనం తెలిస్తే మెచ్చుకోవాలి.

మొన్న ఆదివారం మామూలుగానే లెక్కల టీచరుగారు వచ్చారు. నీకు గుర్తుండే ఉంటుంది, నీకు ఎక్కాలు రాకపోతే స్టూలు ఎక్కించి చెప్పించేది. ఇప్పటికీ అంతే, మధ్యాహ్నం రెండింటికి వస్తుంది, అదే స్టూలు మీద కూర్చుని పేపర్లు దిద్దుకుంటుంది. నేను మిషను తొక్కుతాను. సాయంత్రానికి ఇద్దరం కలిపి ఇరవై మాటలు మాట్లాడితే గొప్ప. పద్దెనిమిదేళ్ళ నుంచీ ఇంతే. ఆవిడకీ ఎవరూ లేరు, నాకు నువ్వున్నావు, అదీ అంత దూరాన.

"ఏంటవి?" అంది.

"గుండుసూదుల దిండ్లు," అన్నాను.

"ఇంతింత దిండ్లా? ఊళ్ళో గుండుసూదులన్నీ నీకే కావాలా?" అంది.

నవ్వాను. అవేంటో చెప్పలేదు. చెప్పొచ్చు కదా అంటావు. ఏమో, నోరు రాలేదు. నువ్వొక్కదానివే సిస్టరు బెంచీ మీద కూర్చోలేదులే.

వచ్చే వారం పార్సెలు పంపుతాను. వేళకి తిను. పుస్తకం నమిలితే కడుపు నిండదు.

పిన్ని

*

శాఖా గ్రంథాలయం, రిజిస్టర్ల గది
ఫిబ్రవరి 4

పిన్నికి,

పార్సెలు అందింది. తలుపు గడియ పెట్టి విప్పాను. ఎంత బాగున్నాయో. పెద్దాయన తలుపు తట్టి ఏం వచ్చిందన్నారు. "టీచింగ్ సామాను," అన్నాను. నాకూ అబద్ధాలు వస్తున్నాయి.

ఆయనకీ నాకూ పోస్టరు దగ్గర తేడా వచ్చింది. "ఆ మాట గోడమీద రాయాలా అమ్మాయ్? మహిళా ఆరోగ్య సదస్సు అంటే చాలదూ?" అంటారు. చాలదు అని మనసులో అన్నాను. పైకి "సరే సార్" అన్నాను. గదిలోకి వచ్చాక నా మీద నాకే అసహ్యమేసింది.

నీకు ఒక సంగతి చెప్పాలి, కోప్పడకు. ఆరోదానికి ఎడమ పక్క కుట్టు లాగేసింది. గుడ్డ చిన్న గుంటలా లోపలికి ముడతపడింది. నీ చేతి కింద నుంచి అలాంటిది బయటికి వెళ్ళగా నేను ఎప్పుడూ చూడలేదు. ముడతపడ్డ కుట్టు మనిషికి మచ్చ అని నాకు పదేళ్ళప్పుడు మొట్టికాయ వేసి నేర్పింది నువ్వే. నర్సు చూసి నిన్ను ఏమైనా అంటుందేమోనని నేనే విప్పాను. లోపల దారపు ఉండ ఒకటి చిక్కుకుని ఉంది. గుడ్డ ముక్క చుట్టూ దారం చుట్టినట్టు గట్టిగా, గతుకులుగా, పైగుడ్డని పట్టుకుని వేలాడుతోంది. దూది కూరేటప్పుడు పొరపాటున పడ్డట్టుంది. తీసేసి నున్నగా కుట్టేశాను. ఇప్పుడు ఏమీ లేనిది నిజంగా ఏమీ లేనట్టుంది.

కళ్ళద్దాలు మార్చుకో పిన్నీ.

ఇక్కడ ఆరింటికి లైట్లు ఆర్పేశాక నేను మెట్లు దిగే చప్పుడు నాకే వినబడుతుంది. మేడ మీద గదికి వెళ్ళి చదువుకుంటాను. బాగానే ఉంది.

పిచ్చుక

*

కుట్టు షాపు
ఫిబ్రవరి 9

పిచ్చుకా,

నిన్నెవరు విప్పమన్నారు?

నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ ఉండ పారేశావా, ఉందా? ఉంటే ఎలా ఉన్నది అలా పెట్టి, పైగుడ్డకి పట్టించి కుట్టు. గుంట పడాలి. తీసి పారేసి నున్నగా కుట్టేసినంత తేలికైతే ఇంకేం కావాలి.

ఎందుకని అడక్కు. చెప్పినట్టు చెయ్యి.

పిన్ని

*

మేడ మీద గది
ఫిబ్రవరి 17

పిన్నికి,

ఉండ పారేయలేదు. సొరుగులో పెట్టాను. నువ్వు చెప్పినట్టే తిరిగి కుట్టాను. మూడుసార్లు విప్పాల్సి వచ్చింది. నున్నగా కుట్టడం కంటే అది కష్టం.

ఇవాళ నర్సు వచ్చి ఒక్కోదాన్నీ పట్టి చూసింది. బఠాణీలకి నవ్వింది. గోలీలకి "పనిమంతురాలే" అంది. ఆరోదాన్ని రెండు వేళ్ళతో నొక్కింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"ఇది నేను చెప్పలేదే. ఎవరు కుట్టారు?"

"మా పిన్ని."

"ఆవిడ ఆసుపత్రిలో చేసేదా?"

"కాదండీ. టైలరు."

"పుస్తకం చూసి కుడితే ఇలా రాదమ్మాయ్. తాకి కుట్టింది ఇది," అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. గడ్డలన్నీ ప్రమాదం కావట, చాలావరకు ఏమీ ఉండదట. కానీ గట్టిగా ఉండి, కదలకుండా, పైచర్మాన్ని ఇలా లోపలికి లాక్కునే గడ్డని డాక్టరుకి చూపించడం ఒక్క వారం కూడా వాయిదా వెయ్యకూడదట.

అది నేను కళ్ళద్దాలు మార్చుకోమని రాసిన ముడత.

పిన్నీ, అది నీదేనా? అవునో కాదో ఒక్క ముక్క రాయి. అవునైతే నేను సెలవు పెట్టి వస్తాను. కార్యక్రమం పోతే పోయింది. ఆసుపత్రిలో వరసలో నేను నిలబడతాను, మాటలు నేనే మాట్లాడతాను. నిజంగా మాట్లాడతాను.

పిచ్చుక

*

కుట్టు షాపు
ఫిబ్రవరి 21

పిచ్చుకా,

నాది కాదు. ఒట్టు. నువ్వు రావక్కర్లేదు.

లెక్కల టీచరుగారిది.

నవంబరులో కొత్త జాకెట్టుకి ట్రయల్ వేశాను. ఎడమ పక్క సరిగ్గా కూర్చోలేదు. చెయ్యి పైకెత్తమని గుండుసూది పెడుతుంటే నా వేలి వెనక తగిలింది. రాయిలా ఉంది. చర్మం ఇంత గుంటపడి ఉంది. ఆవిడ నా నెత్తి మీదుగా గోడ గడియారం చూస్తోంది. నేను, "చెయ్యి దించండి టీచరుగారూ," అన్నాను. అంతే అన్నాను.

నాకు పని నేర్పిన ముసలావిడ మొదటిరోజే చెప్పింది. "కొలిచిన ఒళ్ళు కుట్టుతోనే మర్చిపోవాలి. ఎవరికి గూని, ఎవరికి మచ్చ, ఎవరికి ఎన్నో నెల, నీ నోటెంట రాకూడదు. వచ్చిన రోజు నీ షాపుకి తాళం." ఆ మాట పట్టుకునే బతికాను. అందుకే ఆడవాళ్ళు నా దగ్గరికి వస్తారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నేను ఆ పక్క పావంగుళం వదిలి, కుట్టు కొంచెం పక్కకి జరిపి, ఏమీ కనబడకుండా కుట్టాను. జాకెట్టు అద్భుతంగా కూర్చుంది. ఆవిడ అద్దంలో చూసుకుని, "నీ చేతిలో ఏదో ఉందే," అంది.

ప్రతి ఆదివారం చెబుదామనుకుంటాను. రెండు కొడుతుంది, ఆవిడ వస్తుంది, ఎర్ర కలం మూత తీస్తుంది. సాయంత్రం అయిపోతుంది. నువ్వు నమూనాలు అడిగినప్పుడు ఆరోది దానంతట అదే చేతిలో తయారైంది. మీ నర్సమ్మ చూసి ఏదో ఒకటి అంటుంది, ఎవరికో చెప్పినట్టవుతుంది, నా బరువు దిగుతుంది అనుకున్నాను. దిగలేదు.

నాదే అయ్యుంటే నయం. నాదైతే నోరు మూసుకునే హక్కు నాకుండేది.

పిన్ని

*

శాఖా గ్రంథాలయం, రిజిస్టర్ల గది
మార్చి 9

పిన్నికి,

ఇన్నాళ్ళూ నీకు ఏం రాయాలో తెలియక రాయలేదు. చెప్పమని రాయడం నాకు తేలిక, చెప్పవలసింది నువ్వు. కార్యక్రమం నిన్న అయింది. అదే రాస్తాను.

ముందు రోజు సాయంత్రం పెద్దాయన వెళ్ళిపోయాక పోస్టరు మీద "మహిళా ఆరోగ్య సదస్సు" కింద నా చేత్తో ఆ మాట రాశాను. పెద్ద అక్షరాలతో. పొద్దున ఆయన చూశారు. చెరిపెయ్యలేదు. గొడుగు తీసుకుని పై ఆఫీసులో పనుందని వెళ్ళిపోయారు.

ముప్ఫై కుర్చీలు వేశాను. పదకొండుమంది వచ్చారు. అందులో ఇద్దరు బీపీ చూస్తారనుకుని వచ్చారు. అందరూ వెనక వరసల్లో కూర్చున్నారు. నర్సు, "నేను కరవను, ముందుకి రండి," అంటే మూడు కుర్చీలు కదిలాయి.

నమూనాలు చేతులు మారాయి. మొదట ఎవరూ తల ఎత్తలేదు. పూలకొట్టావిడ బఠాణీ దొరగ్గానే, "ఉంది ఉంది, నాకు దొరికింది!" అని అరిచింది, చిన్నపిల్లలా. బస్సు కండక్టరు, "ఇటివ్వు, నువ్వు నొక్కితే అది మొలకెత్తేలా ఉంది," అంది. అప్పుడు నవ్వారు. ఆరోది వచ్చేసరికి నవ్వు ఆగింది. ఎవరికి వాళ్ళు తాకి పక్కవాళ్ళకి ఇచ్చారు.

నర్సు "ఎవరైనా ఏమైనా అడగండి," అంది. ఎవరూ అడగలేదు. నేను లేచాను. ఎందుకు లేచానో తెలియదు.

"ఒకరి రొమ్ములో గడ్డ ఉందని ఇంకొకరికి తెలిస్తే, ఆ మనిషికి తెలుసో లేదో తెలియకపోతే, చెప్పాలా?"

నర్సు కంటే ముందు కండక్టరు అందుకుంది. "తెలిసీ నాకు చెప్పనిదాని మొహం నేను జన్మలో చూడను."

"చెప్తే మాత్రం చూస్తావా?" అంది పూలకొట్టావిడ.

"చూడనేమో," అంది కండక్టరు.

"చూడకపోతే పోనీవే," అంది నర్సు. "చూడ్డానికి మనిషంటూ ఉండాలిగా."

అంతే పిన్నీ. ఇంతకంటే నాకు రాయడం రాదు. అందరూ వెళ్ళాక కుర్చీలు మడిచి గోడకి ఆనించాను. ముప్ఫై కుర్చీలు ఒక్కదాన్నే మడవడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నీ షాపు గురించే ఆలోచించాను.

పిచ్చుక

*

కుట్టు షాపు
మార్చి 17

పిచ్చుకా,

చెప్పాను.

ఆదివారం ఆవిడ కలం మూత తియ్యకముందే తలుపు దగ్గరగా వేశాను. మిషను మీద గుడ్డ కప్పాను. పద్దెనిమిదేళ్ళలో ఆదివారం పూట మిషను ఆగడం అదే మొదలు. ఆవిడ తల ఎత్తింది.

"టీచరుగారూ, మీకు ఎడమ పక్క గడ్డ ఉంది. నవంబరులో ట్రయల్ అప్పుడు నా చేతికి తగిలింది," అన్నాను. నాలుగు రోజులు అద్దం ముందు నిలబడి నేర్చుకున్న మాటలు. ఇంకా చాలా ఉన్నాయి, మర్చిపోయాను.

ఆవిడ తెల్లబోలేదు. పేపర్లు సర్దుకుంది. "నాకు తెలుసు," అంది.

"ఎప్పట్నించి?"

"వేసవి సెలవుల నుంచి."

ఆవిడ లేచి నిలబడి అంది, "నీకు తెలీదనుకున్నాను. బళ్ళో పిల్లల్ని చూస్తే గుర్తొచ్చేది, ఇంట్లో స్నానానికి వెళ్తే గుర్తొచ్చేది. ఇక్కడికొస్తే ఒక్క పూట అది లేనట్టుండేది. నువ్వు కుట్టిన జాకెట్టు వేసుకుంటే అసలే లేనట్టుండేది. ఇప్పుడు ఇక్కడ కూడా ఉంది."

"ఆసుపత్రికి పోదాం టీచరుగారూ. నేను వస్తాను. అక్కడ..."

"నిన్ను చెప్పమని ఎవరడిగారు?" అంది. కోపంగా కూడా అనలేదు. పేపర్ల కట్ట తీసుకుని వెళ్ళిపోయింది. ఎర్ర కలం మర్చిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను, వీధి మలుపు దాకా. ఆవిడ వెనక్కి చూడలేదు.

మంచి చేశానో చెడు చేశానో నాకు తెలీదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ ముసలావిడ చెప్పినట్టు షాపుకి తాళం పడలేదు. స్టూలుకి పడింది.

పిన్ని

*

మేడ మీద గది
మార్చి 30

పిన్నికి,

రెండు ఆదివారాలు గడిచాయి. ఆవిడ వచ్చిందా? ఆసుపత్రికి వెళ్ళిందా? బళ్ళో ఎవరినైనా అడిగావా?

ఇదంతా నావల్లే మొదలైంది. నేను చేతిరాత పోటీ పెట్టి ఉంటే నీకు ఆదివారాలు మిగిలేవి. రాత్రి ఇలా అనుకుంటాను. పొద్దున లేచి మళ్ళీ కాదనుకుంటాను.

నిన్న ఒకావిడ ఆ వైద్యం పుస్తకం నా బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. తేదీ ముద్ర వేశాను. ఆవిడ నా వైపు చూడలేదు, నేనూ ఆవిడ వైపు చూడలేదు. నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను. నాకు అంత సంతోషంగా లేదు.

జవాబు రాయి. ఒక్క ముక్కయినా.

పిచ్చుక

*

కుట్టు షాపు
ఏప్రిల్ 13

పిచ్చుకా,

ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేక రాయలేదు. మూడు ఆదివారాలు రెండింటికల్లా తలుపు బార్లా తీసి కూర్చున్నాను. బడి గేటు దాకా ఒకసారి వెళ్ళాను. గంట కొట్టారు, పిల్లలు వచ్చారు, నేను తిరిగి వచ్చేశాను.

మొన్న గురువారం వచ్చింది. ఆదివారం కాదు, గురువారం, అందరు కస్టమర్ల లాగా. చేతిలో గుడ్డ ఉంది. స్టూలు మీద కూర్చోలేదు.

"రెండు జాకెట్లు కావాలి. ముందు వైపు తెరుచుకోవాలి. ఎడమ చెయ్యి ఎత్తకుండా తొడుక్కునేలా ఉండాలి. ఆదివారానికి కావాలి, సోమవారం ఆసుపత్రిలో చేరుతున్నాను," అంది.

అర్థమైంది. పరీక్షలన్నీ ఒక్కతే చేయించుకుంది. ఎప్పుడు వెళ్ళిందో, ఎవరితో మాట్లాడిందో, ఏ బెంచీ మీద ఎంతసేపు కూర్చుందో నాకు తెలీదు. డాక్టరు ఏమన్నారని అడిగాను. "ఆలస్యమైందన్నారు. మరీ ఆలస్యం కాలేదని కూడా అన్నారు. ఈ రెంటికీ మధ్య ఎంతో లెక్క చెప్పలేదు," అంది.

టేపు తీశాను. కుడి పక్క కొలిచి రాశాను. ఎడమ పక్కకి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఇప్పుడున్నది రాయాలా, తర్వాత ఉండేది రాయాలా? ఎలా అడుగుతాను? ఆవిడే అంది, "ఖాళీగా వదిలెయ్."

అందుకని ఆ పక్క కుట్టు వెయ్యలేదు. తాళ్ళు పెట్టాను.

ఇవాళ ఆదివారం. రెండింటికి వచ్చింది. తాళ్ళు చూసి, "ఇవెందుకు?" అంది.

"ఎంత మిగిలితే అంతకి కట్టుకోవచ్చు టీచరుగారూ," అన్నాను. నోట్లోంచి అలాగే వచ్చేసింది. అన్నాళ్ళు దాచిన నోరు, దీన్ని ఒక్క క్షణం ఆపలేకపోయింది.

ఆవిడ ఒక తాడు వేలికి చుట్టి చూసుకుంది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక చెయ్యి లేవదుట కొన్నాళ్ళు. ఒంటి చేత్తో ముడెలా వేస్తారు?" అంది.

నాకేం తెలుసు? ముప్ఫై ఏళ్ళుగా రెండు చేతులతో ముళ్ళు వేస్తున్నదాన్ని. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని నేనూ ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఒక కొస పళ్ళతో పట్టుకుని చూశాం. మోకాలి కింద నొక్కి చూశాం. "నీది జారిపోయింది." "మీది మాత్రం?" సాయంత్రం దాకా ఇదే పని. ఇరవై మాటల లెక్క దాటిపోయాం.

నేనూ వస్తానన్నాను. వద్దంది. రేపు పొద్దున బస్సుకి ఒక్కతే వెళ్తోంది. ఎన్నాళ్ళుంటుందో, ఎలా వస్తుందో చెప్పలేదు, నేను అడగలేదు.

పదకొండోసారికి ఆవిడకి ముడి పడింది. నాకింకా రాలేదు.

పిన్ని